ముప్పై సెకన్ల కూత



సంక్రాంతి దగ్గర పడిందంటే గోదావరి ఒడ్డున చర్ల, దుమ్ముగూడెం, అశ్వాపురం వైపు ఊళ్లలో వరికోతలు అయిపోయిన మళ్లు కబడ్డీ బరులవుతాయి. కుర్రాళ్లు పారలు పట్టుకుని నేల గుల్ల చేస్తారు, కొయ్యకాళ్లు పీకేస్తారు, రాళ్లు ఏరి గట్టు మీద పోస్తారు. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీస్తారు. మధ్యాహ్నానికి చుట్టుపక్కల గూడేల నుంచి జట్లు దిగుతాయి. చీకటి పడేదాకా మైకులో వ్యాఖ్యానం ఆగదు.

ఆ రాత్రే అదే కుర్రాళ్లు ఫోన్లోనో టీవీలోనో ప్రొ కబడ్డీ మ్యాచ్ చూస్తారు. ఆట అదే, ఆడేది ఏడుగురే, గీతలూ దాదాపు అవే. కానీ వేగం వేరు. పొలంలో గంట ఆడినా ముప్పై పాయింట్లు దాటని ఆట తెర మీద నలభై నిమిషాల్లో రెండు జట్లకూ కలిపి అరవై, డెబ్బై పాయింట్లు ఇస్తుంది. టీవీలో ఆడేవాళ్ల కాళ్లలోనే ఏదో మహిమ ఉందనుకుంటారు చాలామంది. వాళ్లు మెరికల్లాంటి ఆటగాళ్లే, సందేహం లేదు. అయితే ఆ వేగంలో పెద్ద వాటా నిబంధనలది.

పాత కబడ్డీలో గడియారం ఆటగాడి ఊపిరితిత్తుల్లో ఉండేది. కూతకు వెళ్లినవాడు మధ్యగీత దగ్గర గుండెల నిండా గాలి పీల్చుకుని మొదలెడితే, ఆ దమ్ము ఉన్నంతసేపూ ఎదుటి బరిలో తిరగొచ్చు. దమ్మున్న మొనగాడు తొందరపడేవాడు కాదు. ఒక మూలకు వెళ్లి కవ్వించి, వెనక్కి జరిగి, రెండో మూలకు వెళ్లి కాలు చాపి, మళ్లీ మధ్యలో నిలబడి కూస్తూ ఉండేవాడు. అవతలివాళ్లకూ తొందరుండేది కాదు. కూత తెగేదాకా గొలుసు కట్టుకుని కాచుకునేవారు. కూత తెగిందా లేదా అన్నదే ఊళ్లల్లో సగం తగాదాలకు మూలం. పక్కన నిలబడిన పెద్దమనిషి చెవి ఎంత చురుకైనదైతే తీర్పు అంత న్యాయంగా ఉండేది.

ఆటలోనూ అప్పట్లో రకరకాల పద్ధతులు నడిచాయి. గామినీ పద్ధతిలో ఔటైనవాడు మొత్తం జట్టు ఔటయ్యేదాకా బయటే కూర్చోవాలి. అమర్ పద్ధతిలో ఔటైనా బయటికి వెళ్లడు, పాయింటు మాత్రం అవతలివాళ్లకు పోతుంది. సంజీవనిలో ఎదుటి జట్టువాడు ఒకడు ఔటైతే మనవాడు ఒకడు తిరిగి లోపలికి వస్తాడు. చివరికి నిలబడింది సంజీవని. ఇవాళ అంతర్జాతీయ కబడ్డీ దాని మీదే నడుస్తోంది. ఆటకు వేగం తెచ్చిన మొదటి నిర్ణయం ఇదేనని చెప్పాలి. గామినీలో నలుగురు ఔటయ్యాక మిగిలిన ముగ్గురూ బిక్కుబిక్కుమంటూ కాలం వెళ్లదీసేవారు. సంజీవనిలో ప్రతి పాయింటూ ఒక మనిషిని వెనక్కి తెస్తుంది కాబట్టి పాయింటు కోసం తెగించి వెళ్లడంలో లాభం కనిపిస్తుంది.

ఆట మెల్లగా ఊరి బరి దాటింది. 1936లో మహారాష్ట్రలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో కబడ్డీ ప్రదర్శించింది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆటల్లో చోటు దొరికింది. 2014 జులైలో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైంది. తొలి ఎనిమిది జట్లలో ఒకటి, అప్పట్లో విశాఖపట్నం కేంద్రంగా ఉన్న తెలుగు టైటాన్స్. ఆ జట్టు రైడర్ రాహుల్ చౌదరి పేరు మన ప్రాంతంలో ఏడో తరగతి పిల్లల నోళ్లలో కూడా నానింది. కూత, పట్టు అనే మాటల పక్కన రైడ్, ట్యాకిల్, ఆలౌట్ వచ్చి చేరాయి. ఇక అక్కడి నుంచి ఆట గుండె కొట్టుకునే తీరే మారిపోయింది.

మొదటి మార్పు ముప్పై సెకన్ల గడియారం. కూత ఇప్పటికీ కూయాల్సిందే, ఆపితే ఇప్పటికీ ఔటే. కానీ దమ్ము ఎంతున్నా ముప్పై సెకన్లలోపు మధ్యగీత దాటి వెనక్కి రావాలి. ఒక రైడ్ ముగిసిన ఐదు సెకన్లలో అవతలి జట్టు తన మనిషిని పంపాలి. లెక్క వేసి చూడండి. ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు, మొత్తం 2400 సెకన్లు. దాన్ని ముప్పైతో భాగిస్తే ఎనభై. అంటే ఒక్కో జట్టు సుమారు నలభై సార్లు కూతకు వెళ్తుంది. ఎన్ని సార్లు వెళ్తామో ముందే తెలిసిపోయాక, ఒక్క రైడ్ వృథా అయినా దాని విలువ ఎంతో శిక్షకుడు వేళ్ల మీద చెప్పగలడు. పెద్దమనిషి చెవి చేసే పనిలో సగం తెర మీద ఎర్రంకెలు చేస్తున్నాయి.

గడియారం ఒక్కటే అయితే వేగం వచ్చేది కాదు. పిరికి జట్టు ముప్పై సెకన్లు కూడా ఊరికే గడిపేయగలదు. మధ్యగీత నుంచి మూడుం ముప్పావు మీటర్ల దూరంలో బాక్ లైన్ ఉంటుంది. రైడర్ దాన్ని ఒకసారి దాటితే చాలు, రైడ్ చెల్లుతుంది. నాలుగు పాయింట్ల ఆధిక్యం ఉన్న జట్టు ఐదు నిమిషాలు మిగిలాయనగా ఏం చేసేది? మనిషిని పంపేది, బాక్ లైన్ దాటించేది, ఇరవై ఎనిమిది సెకన్లు తిప్పేది, వెనక్కి పిలిచేది. చూసేవాళ్లు ఈలలు వేసినా, తిట్టినా జట్టు తప్పేమీ లేదు. రూలు ఒప్పుకునేది కదా.

ఈ కాలయాపన మెడకు కట్టిన గంట డూ ఆర్ డై రైడ్. ఒక జట్టు వరసగా ఎవరికీ పాయింటు రాని రెండు ఖాళీ రైడ్లు చేస్తే, మూడో రైడ్‌లో పాయింటు తేవాల్సిందే. తేకపోతే రైడర్ ఔట్, అవతలివాళ్లకు ఒక పాయింటు. ఆ మూడో రైడ్ మొదలవగానే స్టేడియం మొత్తం లేచి నిలబడుతుంది. డిఫెండర్లకు తెలుసు, వచ్చినవాడు పాయింటు కోసం తెగించక తప్పదని. రైడర్‌కూ తెలుసు, పాయింటు లేకుండా తిరిగొస్తే బెంచీ మీదికేనని. మూలలో ఉన్న కార్నర్ ఆటగాడు మడమ పట్టుకోవడానికి వంగుతాడు, పక్కనున్న కవర్ ఆటగాడు భుజంతో నెట్టడానికి కాచుకుంటాడు. పాత ఆటలో పది కూతల్లో ఒకసారి వచ్చే ఘట్టాన్ని ఈ నిబంధన మూడో కూతకే తెచ్చిపెట్టింది.

సూపర్ ట్యాకిల్ మరో మంచి ఆలోచన. బరిలో ముగ్గురు లేదా అంతకంటే తక్కువమంది మిగిలినప్పుడు రైడర్‌ను పడితే ఒకటి కాదు, రెండు పాయింట్లు. ఓడిపోతున్న జట్టు ఆలౌట్ కోసం తలవంచుకుని కూర్చోకుండా ఎదురు తిరుగుతుంది. బోనస్ గీత సంగతీ అంతే. ఆరుగురు లేదా ఏడుగురు డిఫెండర్లు ఉన్నప్పుడే బోనస్ పనిచేస్తుంది. నిండు బరిలోకి రావడానికి జంకే రైడర్‌ను లోపలికి లాగే ఎర అది. ఒక కాలు గీత అవతల మోపి, రెండో కాలు గాల్లో ఉంచాలి. చెప్పడానికి తేలికే. ఏడుగురి మధ్య చేసి చూపించడానికి ఏళ్లు పడుతుంది.

ఇక్కడ కాసేపు సముద్రాలు దాటి వెళ్లాలి. మన అడవి అంచున ఎవరూ ఆడని ఆట ఒకటుంది, ఐస్ హాకీ. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పున్న మంచు గచ్చు మీద, కాళ్లకు కత్తుల బూట్లు కట్టుకుని ఆడతారు. బంతి బదులు పక్ అనే రబ్బరు బిళ్ల. ఉత్తర అమెరికాలో నేషనల్ హాకీ లీగ్ దానికి పెద్ద వేదిక. ఆ లీగ్ తొలి రోజుల్లో పక్‌ను ముందుకు అందించడం మీద గట్టి ఆంక్షలుండేవి. 1928-29 సీజన్‌లో రెండు జట్లకూ కలిపి మ్యాచ్‌కు మూడు గోల్స్ కూడా రాలేదు. మాంట్రియల్ గోల్‌కీపర్ జార్జ్ హైన్స్‌వర్త్ 44 మ్యాచ్‌ల్లో 22 సార్లు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఘనతే, కానీ చూసేవాళ్లకు ఏం మిగిలింది? మరుసటి సీజన్‌కు గచ్చు మీద అన్ని భాగాల్లోనూ పక్‌ను ముందుకు అందించవచ్చని రూలు మార్చారు. గోల్స్ దాదాపు రెట్టింపయ్యాయి. ఎంతగా అంటే, కొందరు గోల్ ముందే తిష్ఠ వేసుకుని పక్ కోసం కాచుకోవడం మొదలెట్టారు. దాంతో 1929 డిసెంబరులో, సీజన్ మధ్యలోనే, పక్ కంటే ముందు ఎవరూ ఎదుటి భాగంలోకి పోకూడదని ఇంకో రూలు తేవాల్సి వచ్చింది. ఒక రూలు తలుపు తీస్తే ఇంకో రూలు గడియ పెట్టాలి. ఆటల చరిత్ర అంతా ఈ తంతే.

అక్కడే మరో ఘట్టం 1990ల నాటిది. కొన్ని జట్లు మధ్య భాగంలో అడ్డుగోడ కట్టి ఎదుటివాళ్ల వేగాన్ని చంపడం నేర్చుకున్నాయి. న్యూజెర్సీ డెవిల్స్ ఆ పద్ధతితోనే 1995లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. దానికితోడు కర్ర కొక్కెంతో లాగడం, చేత్తో పట్టేయడం చూసీచూడనట్టు వదిలేసేవారు. మారియో లెమ్యూ అంతటి ఆటగాడు ఆ పట్టుడు ఆటను బహిరంగంగానే దుయ్యబట్టాడు. జీతాల గొడవతో 2004-05 సీజన్ మొత్తం రద్దయింది. ఆ విరామంలో లీగ్ కూర్చుని ఆలోచించింది. సొంత భాగం నుంచి మధ్య ఎర్రగీత దాటించి నేరుగా పక్‌ను అందించకూడదన్న పాత నిషేధం ఎత్తేసింది. లాగుడు, పట్టుడులకు శిక్షలు కచ్చితంగా వేయాలని రిఫరీలకు చెప్పింది. గోల్‌కీపర్ల కాళ్లకు కట్టే మెత్తల వెడల్పు తగ్గించింది. మ్యాచ్‌కు సగటున ఐదు గోల్స్ పడే లీగ్‌లో 2005-06లో ఆరు పడ్డాయి. పట్టుకుని ఆపే బలిష్ఠుడి కంటే దూసుకుపోయే చిన్నపాటి ఆటగాడికి విలువ పెరిగింది. ఆ ఏడాది ఆటగాళ్లు కొత్త కాళ్లు తొడుక్కుని రాలేదు. వాళ్ల కాళ్లకు అడ్డం పడేవి తీసేశారు.

కబడ్డీలో జరిగిందీ ఐస్ హాకీలో జరిగిందీ ఒకటి కాదు. అక్కడ ముందుకు పోనివ్వని అడ్డు తొలగించారు. ఇక్కడ ఊరికే నిలబడటానికి ఖరీదు కట్టారు. కబడ్డీకి రెండోదే తగిన మందు. ఎందుకంటే కబడ్డీలో అడ్డుకోవడం, పట్టడమే సగం ఆట. దాన్ని బలహీనపరిస్తే మిగిలేది పరుగు పందెం. పట్టుకునేవాడి బలం తగ్గించకుండా, కాలయాపన చేసేవాడికి మాత్రం శిక్ష వేయడం తెలివైన పని.

అయినా జట్ల తెలివి ఊరికే ఉండదు. డూ ఆర్ డై వచ్చిన కొత్తలో అందరూ దాన్ని శిక్షలా చూశారు. కొన్ని సీజన్లు గడిచేసరికి శిక్షకులు దాన్నే ఎత్తుగడ చేసుకున్నారు. కావాలని రెండు ఖాళీ రైడ్లు చేయించి, మూడోదానికి ప్రత్యేకంగా తయారైన ఆటగాణ్ని పంపుతారు. రెండు రైడ్లు నిద్ర, మూడో రైడ్ పిడుగు. కొన్ని మ్యాచ్‌లు ఈ లయలోనే గడిచిపోతున్నాయి. వేగం కోసం తెచ్చిన నిబంధనే వేచి ఉండటానికి సాకు అయింది. మొదటిదానికి కాకపోయినా రెండో ఖాళీ రైడ్‌కైనా చిన్న జరిమానా ఉండాలా అన్న ప్రశ్న ఇవాళ కాకపోతే రేపు లీగ్ ముందుకు రాక తప్పదు.

వేగం పెరిగాక కొత్త రకం ఆటగాడు పుట్టాడు. 2017లో పట్నా పైరేట్స్ రైడర్ పర్‌దీప్ నర్వాల్ హరియాణా స్టీలర్స్ మీద ఒకే రైడ్‌లో 8 పాయింట్లు తెచ్చాడు. 2019లో అదే హరియాణా మీద బెంగళూరు బుల్స్ తరఫున పవన్ సెహ్రావత్ ఒక్క మ్యాచ్‌లో 39 రైడ్ పాయింట్లు సాధించాడు. పాత దమ్ము ఆటలో ఈ అంకెలు ఊహకు కూడా రావు. పవన్ ఆటను నెమ్మది చేసి చూస్తే తెలుస్తుంది. చేయి ముందుకు చాపి డిఫెండర్ కళ్లు చేతి మీదికి తెచ్చుకుంటాడు, అదే క్షణంలో నడుము తిప్పి వెనక కాలితో తాకుతాడు, తాకిన కాలు నేల మీద ఆనకముందే రెండో కాలు మధ్యగీత వైపు దూకుతుంది. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ అతని కోసం 2 కోట్ల 60 లక్షల రూపాయలకు పైగా పెట్టింది.

ఆ వేగానికి ఒళ్లు చెల్లించే మూల్యం ఉంది. పవనే 2022 సీజన్‌లో తమిళ్ తలైవాస్ తరఫున తొలి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. మట్టిలో పాదం కొంచెం జారుతుంది. ఆ జారుడే మోకాలిని కాపాడుతుంది. ప్రొ కబడ్డీ మ్యాట్ మీద బూటు పట్టేస్తుంది. ఒళ్లు తిరిగి, పాదం తిరగకపోతే ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. మట్టి మీద పెరిగి నేరుగా మ్యాట్ మీదికి వెళ్లే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి, తొడ కండరాలు, పిక్కలు గట్టిపడే కసరత్తులు చేయించాలి.

నిబంధనలు మారేటప్పుడు అందరి చేతిలో ఒకే పుస్తకం లేకపోతే ఏమవుతుందో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ప్రపంచం చూసింది. అంతకు ముందు 2018 జకార్తా ఆసియా క్రీడల్లో భారత పురుషుల జట్టు సెమీఫైనల్లో 18-27తో ఇరాన్ చేతిలో ఓడింది, స్వర్ణం చేజారడం అదే మొదటిసారి. ఇరాన్ ఆటగాళ్లు ఈ వేగం నేర్చుకున్నది మన లీగ్‌లోనే. ఫజల్ అత్రాచలి యు ముంబాకు ఆడాడు, మెరాజ్ షేక్ మన తెలుగు టైటాన్స్‌కు ఆడాడు. 2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఫైనల్లో మళ్లీ అవే జట్లు. స్కోరు 28-28, చేతిలో ఉన్నది నిమిషం పైచిలుకు. పవన్ డూ ఆర్ డై రైడ్‌కు వెళ్లాడు. ఎవరినైనా తాకాకే అడుగుపెట్టాల్సిన పక్క లాబీలోకి ఎవరినీ తాకకుండానే వెళ్లాడు. అతని వెంటబడి ఇరాన్ డిఫెండర్లూ లాబీలోకి వెళ్లారు. పాత నిబంధన ప్రకారం రైడరూ ఔట్, వెంట వెళ్లిన డిఫెండర్లూ ఔట్. కొత్త నిబంధన ప్రకారం రైడర్ ఒక్కడే ఔట్. అంపైర్లు ఒకసారి ఒకటి చెప్పారు, ఇంకోసారి ఇంకోటి చెప్పారు. ఆటగాళ్లు బరిలోనే కూర్చుండిపోయారు. గంటసేపు ఆట ఆగింది. చివరకు భారత్‌కు మూడు, ఇరాన్‌కు ఒకటి ఇచ్చి ఆట సాగించారు. 33-29తో మనం గెలిచాం. స్వర్ణం వచ్చింది, సంతోషమే. కానీ ముప్పై సెకన్లలో తేలాల్సిన రైడ్ గంటసేపు తేలకపోవడం ఆటను నడిపేవాళ్లకు తలవంపు.

ఆ తగాదాకూ మన ఊరి బరికీ దగ్గరి సంబంధముంది. భద్రాచలం ఐటీడీఏ పరిధిలోని ఆశ్రమ పాఠశాలల్లో, పాల్వంచ దగ్గర కిన్నెరసాని గిరిజన క్రీడా పాఠశాలలో కబడ్డీ నేర్చుకునే పిల్లలున్నారు. వాగులు దాటి, గుట్టలెక్కి బడికి వచ్చిన ఒళ్లు వాళ్లవి. దమ్ముకు కొదవ లేదు, పట్టుకు కొదవ లేదు. అయితే పండగ పోటీల్లో ఇప్పటికీ చాలాచోట్ల గడియారం ఉండదు, మూడో రైడ్ లెక్క ఎవరూ పెట్టరు. బాక్ లైన్ అడుగు అటూ ఇటూ ఉంటుంది, లాబీ గీత అసలే ఉండదు. అలాంటి బరిలో పదేళ్లు ఆడిన కుర్రాడు జిల్లా ఎంపికలకు వచ్చి, మొదటి మ్యాచ్‌లోనే డూ ఆర్ డై రైడ్‌లో గీత దగ్గర తటపటాయిస్తే అది అతని చేతగానితనం కాదు. ఆ ముప్పై సెకన్లు అతని ఒంట్లోకి ఎవరూ ఎక్కించలేదు, అంతే.

దీనికి కోట్లు అక్కర్లేదు. పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మహిళలకు 12 మీటర్లు, 8 మీటర్లు. ఒక టేపు, ఒక తాడు, ఒక బస్తా సున్నం ఉంటే గీతలు సరిగ్గా పడతాయి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటుంది, దాన్ని పట్టుకుని కూర్చోవడానికి ఓపికున్న పదో తరగతి పిల్ల ఒకరు చాలు. ఖాళీ రైడ్లు లెక్కించడానికి ఒక పలక చాలు. మ్యాట్ల విషయం వేరు, అవి ప్రభుత్వమూ క్రీడా సంఘాలూ ఇవ్వాలి. మండలానికి ఒక్క మ్యాట్ అయినా ఉంటే పెద్ద పోటీలకు వెళ్లే ముందు పిల్లలు నెల రోజులు దాని మీద కాళ్లు అలవాటు చేసుకోగలరు.

రాబోయే సంక్రాంతికి పోటీలు పెట్టే యువజన సంఘాలకూ, పీఈటీ మాస్టార్లకూ, ఈ ప్రసంగం వింటున్న ఊరి పెద్దలకూ ఒక విన్నపం. బహుమతుల డబ్బులో కొంత తగ్గినా ఫరవాలేదు, ఈసారి బరిలో ముప్పై సెకన్ల గడియారం పెట్టండి, లాబీ గీతలు గీయండి, మూడో రైడ్ లెక్క కట్టండి. ఆట మొదలయ్యే ముందు రెండు జట్లనూ కూర్చోబెట్టి ఐదు నిమిషాలు నిబంధనలు చదివి వినిపించండి. అమ్మాయిల జట్లను కూడా వాళ్ల కొలతల బరిలో, అదే గడియారంతో ఆడించండి.